వాతలవ్వకు బెంగళూరు వాత

ఆరోగ్యశాఖలో కొత్తగా చేరిన పిల్లలు ఎక్కడైనా కలిస్తే నన్ను ఒకే ప్రశ్న అడుగుతుంటారు. "సార్, పావగడ తాలూకాలో పసిబిడ్డలకు వాతలు పెట్టే అలవాటును మీరే మాన్పించారంట కదా, ఎట్లా మాన్పించారు?" అని. ఆ పేరు నాకెలా వచ్చిందో చెప్పాలంటే, ఉద్యోగంలో నన్ను అందరికంటే ఎక్కువసార్లు ఓడించిన ఒక ముసలామె గురించి చెప్పాలి. అంతా విన్నాక ఆ పేరు నాకే ఉంచుతారో, వెనక్కి తీసుకుంటారో మీ ఇష్టం.

నేను కర్ణాటక సర్కారులో ఆరోగ్య శిక్షణాధికారిని; మా పావగడ తాలూకా ఆ రాష్ట్రానిదే అయినా ఊళ్ళలో మాట్లాడేది తెలుగే. హోదా పేరు పెద్దది, పని చిన్నది. బొమ్మల పటాలు చంకన పెట్టుకుని ఊరూరూ తిరిగి, నీళ్ళు కాచి తాగండి, బిడ్డలకు టీకాలు వేయించండి, బిడ్డ ఒంటి మీద వాతలు పెట్టకండి అని చెప్పడం. డాక్టరు మందిస్తాడు కాబట్టి ఆయనకు దండం పెడతారు. నేనిచ్చేది వట్టి మాట. దానికి మజ్జిగ ఇచ్చి పంపేవాళ్ళు. అవి వరసగా వానలు తప్పిన ఏళ్ళు. వేరుశనగ చెట్టు ఊడలు దిగకముందే చేలోనే మాడిపోయేది. పొలంలో పని లేక మనుషులు అరుగుల మీద కూర్చుని ఆకాశం చూసేవాళ్ళు. నా సభలకు అంత నిండుగా జనం వచ్చింది ఆ కరువులోనే. కాస్తో కూస్తో పండిన ఏడు నేను బడి గోడలకు ఉపన్యాసం ఇచ్చి రావలసి వచ్చేది.

నాగలమడికె దాటాక పినాకిని ఏటి ఇసుక పక్కనే ఒక ఊరుంది. ఆ ఊళ్ళో ఉండేది ఆమె. అందరూ వాతలవ్వ అనేవాళ్ళు. అవ్వ అన్నారని మరీ పండు ముసలి అనుకోకండి. పొడుగ్గా, సన్నగా, నడుం వంచకుండా నడిచే మనిషి. పది పదిహేను ఊళ్ళ వాళ్ళు ఆమె దగ్గరికి బిడ్డల్ని ఎత్తుకుని వచ్చేవాళ్ళు. బిడ్డకు కడుపు ఉబ్బినా, పచ్చకామెర్లు వచ్చినా, ఎగశ్వాస పట్టినా పసుపు కొమ్ము నిప్పుల్లో కాల్చి పొట్ట మీదో రొమ్ము మీదో ఠక్కున తాకించి తీసేది. ఎద్దులకైతే ఇనప కడ్డీ.

నా సభకు మొదటి వరసలో కూర్చునేది ఆమే. నేను వాతల పటం ఎత్తి చూపించి గొంతు పెంచినప్పుడల్లా తల ఊపేది. సభ అయ్యాక ఒకసారి దగ్గరికి వచ్చి పటాన్ని వేలితో తడిమి చూసింది.

"బొమ్మ బాగుండాది సారూ. అయితే కడ్డీ పట్టుకున్న చెయ్యి తప్పు. అట్ల పట్టుకుంటే పట్టుకున్నోళ్ళకే కాలతాది" అంది.

అని, నాకు మజ్జిగ చెంబు అందించి, తన అరుగు మీద అప్పటికే కాచుకుని ఉన్న ఇద్దరు తల్లుల దగ్గరికి వెళ్ళిపోయింది.

ఒకసారి ఆమె వాత పెట్టిన చోట పుండు చీము పట్టి, ఒక బిడ్డ జిల్లా ఆసుపత్రిలో చావు తప్పి బయటపడింది. నేను కోపంగా వెళ్ళి, ఈసారి ఇట్లా జరిగితే పోలీసులకు చెబుతానన్నాను. ఆమె చేస్తున్న పని ఆపలేదు. కొట్టంలో దూడకు గడ్డి వేస్తూనే చెప్పింది.

"నా కాడికి వచ్చేతలికే ఆ బిడ్డ కండ్లు తేలేసినాది. ముందు మీ ఆసుపత్రికే పోయినారంట. డాక్టరు లేడన్నారంట. నేనైతే ఇంట్లోనే ఉంటా కదప్పా."

ఆ సంవత్సరం తాలూకా ఆసుపత్రిలో డాక్టరు పోస్టు నిజంగానే ఖాళీగా ఉండేది.

తర్వాతి ఎండాకాలం అదే ఊళ్ళో వాంతిభేదుల గురించి మాట్లాడుతున్నాను. నా మాటల నడుమ ఎవరో సన్నగా ఈల వేస్తున్నారు. నేను ఆగితే ఈల వినిపిస్తుంది, మాట్లాడితే అణగిపోతుంది. వెనక కూర్చున్న కుర్రాళ్ళ పని అనుకుని, పెద్దమనిషి తరహాగా రెండు మాటలు చీవాట్లు పెట్టాను. వాళ్ళు బిత్తరపోయి మొదటి వరస వైపు చూపించారు. ఈల వాతలవ్వ గొంతులోంచి వస్తోంది. శ్వాస లోపలికి తీసుకున్నప్పుడల్లా.

దగ్గరికి వెళ్ళి చూశాను. మనిషి సగమైంది. మెడ కింద రెండు వైపులా తాజాగా రెండు వాతలు.

"ఎవరు పెట్టారు?"

"మా కోడలు. నేనే చెప్పి పెట్టించుకున్యా" అంది, మాటకూ మాటకూ నడుమ ఈల వేస్తూ. "దానికి చెయ్యి కుదరలేదు సారూ. నాకు నేను పెట్టుకుందామంటే ఆ చోటు కనపడదు."

అప్పటికే ఒక సూదుల డాక్టరు ఉబ్బసమని నెలల తరబడి సూదులు వేశాడట. నేను ఆమెనూ కొడుకునూ మరునాడు తాలూకా ఆసుపత్రికి రమ్మన్నాను. ఆ ఏడే అక్కడికి ఒక లేడీ డాక్టరు వచ్చింది. చిన్న వయసు, పెద్ద నోరు. ఆమె స్టెతస్కోపును అవ్వ వీపు మీద పెట్టి విని, ఛాతీ మీద పెట్టి విని, చివరికి గొంతు మీద పెట్టి చాలాసేపు విన్నది.

"ఉబ్బసమైతే ఊపిరి వదిలేటప్పుడు ఈల వస్తుంది. ఈమెకు పీల్చేటప్పుడు వస్తోంది. ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి. దారిలో ఏదో అడ్డం ఉంది" అంది. తర్వాత ఆ రెండు వాతలనూ చూసి, నా వైపు తిరిగి, "మీ ప్రచారం బాగా పనిచేస్తున్నట్టుందే" అంది.

బెంగళూరులో ఒక పెద్ద ఆసుపత్రికి చీటీ రాసిచ్చింది. కొడుకు తీసుకుపోయాడు. అక్కడ నోట్లోంచి గొట్టం వేసి చూశారు. శ్వాసనాళం లోపల గడ్డ. తొందరగా పెరిగే జాతి కాదు కానీ, పెరిగి పెరిగి దారినంతా మూసేసింది. గాలి దూరడానికి చీపురు పుల్లంత సందు మిగిలింది. కోసి తీయడానికి వీలైన చోటు కాదు. ముక్క తీసి పరీక్షకు పంపి, మళ్ళీ వారం రండి, లేజరు అనే యంత్రంతో ఆ గడ్డను లేకుండా చేస్తాం అని చెప్పి పంపించారు.

కొడుకు నెమ్మదైన రైతు. వాళ్ళు చెప్పినదాంట్లో అతనికి గుర్తున్నది "లేజరు" అన్న మాట ఒక్కటే. తల్లి ససేమిరా రానంది. కొడుకు నా దగ్గరికి వచ్చాడు.

"సార్, మాయమ్మకు మీరే చెప్పాల. మీరు చెబితే వినదు గానీ, విన్నట్లన్నా కూచుంటాది."

లేజరు అంటే నాకు తెలిసింది కన్నడ పత్రికలో చదివిన అరపేజీ. అందులో ఉన్నదంతా పట్టుకుని ఆమె అరుగు మీద కూర్చున్నాను. నాకొక ఇబ్బంది ఉంది. ఆ యంత్రం గడ్డను కాలుస్తుందని పత్రికలో స్పష్టంగానే రాశారు. కాల్చడం నేరమని ఏళ్ళ తరబడి ఊళ్ళన్నీ తిరిగి చెప్పిన నేను, వాతలు పెట్టే మనిషి దగ్గరికే వెళ్ళి 'నిన్ను కాలుస్తారు, రా' అని ఎట్లా పిలవను? అందుకని ఆ ఒక్క మాట తప్పించి మిగిలినవన్నీ చెప్పాను.

"కత్తి లేదవ్వా. నిప్పు లేదు. వట్టి వెలుగు. టార్చిలైటు మాదిరి సన్నగా పడుతుంది, అంతే."

"వెలుగు పడితే గడ్డ పోతాదా?"

"పోతుంది."

ఆమె ఎదురుగా మండిపోతున్న చేలకేసి చూసింది. ఈల వేసుకుంటూ కొంచెంసేపు ఊపిరి కూడగట్టుకుంది.

"వెలుగుకే గడ్డ పోయేటట్లుంటే, మా ఊరి ఎండకు ఎవురి ఒంట్లోనూ గడ్డనేది ఉండకూడదప్పా" అంది.

రెండో రోజూ వెళ్ళాను. మూడో రోజూ వెళ్ళాను. నేను వెలుగును వర్ణించేకొద్దీ ఆమెకు నా మీద జాలి పెరుగుతున్నట్టు కనిపించేది. ఈలోపు ఆమె పడుకోలేని స్థితికి వచ్చింది. గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. గంజి మింగితే దగ్గు. చివరికి ఒక ఉదయం ఆమే, "పదప్పా, నీ వెలుగేందో చూద్దాం" అంది. నా మాట నమ్మి కాదు, ఇక వేరే దారి లేక.

మధుగిరి మీదుగా బస్సులో వెళ్ళాం. కిటికీ పక్కన కూర్చోబెట్టి కొడుకు ఒకవైపు, నేను ఒకవైపు. గతుకు తగిలినప్పుడల్లా ఈల ఆగిపోయేది. మేమిద్దరం ఆమె ముఖంకేసి చూసేవాళ్ళం. ఈల మళ్ళీ మొదలయ్యాక మేమూ ఊపిరి పీల్చుకునేవాళ్ళం.

ఆసుపత్రిలో సర్జనును చూడగానే నేను మొదట అడిగింది ఆ యంత్రం ఎక్కడుందని. యాభై దాటిన మనిషి, మైసూరు వైపు కన్నడం, మాట పొదుపు.

"చెడిపోయింది. విడిభాగం విదేశం నుంచి రావాలి. ఎప్పుడొస్తుందో తెలియదు. ఈమెకు అంత వ్యవధి లేదు. పాత పద్ధతిలో చేస్తాను" అన్నాడు.

"పాత పద్ధతి అంటే సార్?"

"కరెంటు తీగ. గొట్టంలోంచి దింపి కాలుస్తాం."

నేను గబుక్కున అవ్వ వైపు తిరిగి తెలుగులో, "యంత్రం మార్చారంట అవ్వా, ఇది ఇంకా మంచిదంట, లోపల కొంచెం శుభ్రం చేస్తారంట" అని మొదలుపెట్టాను. పావగడ తాలూకాలో పుట్టిన మనిషికి కన్నడం రాదనుకోవడం ఎంత తెలివితక్కువో ఆ కంగారులో నాకు తట్టలేదు. ఆమె నన్ను చేత్తో పక్కకు తోసి, సర్జనునే చూస్తూ కన్నడంలో అడిగింది.

"కాలుస్తామన్నావా?"

"అవునమ్మా. కాలుస్తాం."

ఆమె వీపు నిటారైంది. కొన్ని వారాలుగా అటువంటి చురుకు ఆ ముఖంలో చూడలేదు. నా వైపు తిరిగింది.

"ఈ మాట మొదటి దినమే చెప్పింటే అప్పుడే వచ్చిందును కదప్పా. వెలుగంట, టార్చిలైటంట" అంది.

తర్వాత ఇద్దరూ నన్ను పూర్తిగా మరిచిపోయారు. ఆమెకు మాట తీసుకోవడానికి చాలా సమయం పడుతోంది. ఆ సర్జను, బయట వరసగా రోగులు నిలబడి ఉన్నా, ఒక్కసారి కూడా గడియారం చూడలేదు.

"తీగ ఎర్రగా కాలతాదా?"

"అక్కర్లేదు. తాకినచోట మాంసం తెల్లబడుతుంది. తర్వాత ఆ తెల్లబడినది గీకి తీసేస్తాం."

"ఎంతసేపు పెడతావు?"

"కన్ను ఆర్పినంత. తీసి చూసి, మళ్ళీ."

"ఎక్కువసేపు పెడితే?"

"ఊపిరి గొట్టానికి బొక్క పడుతుంది. దాని పక్కనే పెద్ద రక్తనాళం ఉంది."

ఆమె తల ఊపింది. నా సభల్లో ఊపినట్టు కాదు.

"ఇంకొకటి కూడా ఉంది" అన్నాడు ఆయన. "నీకు ఊపిరి అందడానికి మేము లోపలికి ఆక్సిజన్ పంపిస్తుంటాం. అది ఎక్కువగా ఉన్నప్పుడు తీగ పెడితే లోపల మంట అంటుకుంటుంది. అందుకని కాల్చేటప్పుడు అది తగ్గిస్తాం. కాల్చడం ఆపాక మళ్ళీ ఇస్తాం. అందుకే నెమ్మదిగా సాగే పని."

"ఊదేటప్పుడు పెట్టకూడదు, పెట్టేటప్పుడు ఊదకూడదు" అంది అవ్వ. "నీ చెయ్యి ఒకసారి చూపీ."

ఆయన కుడిచెయ్యి ముందుకు చాచాడు. ఆమె ఆ చేతిని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి వదిలింది. "సరే" అంది. ఆ తర్వాత నా వైపు వేలు చూపించి, "ఈయప్ప నాకు వెలుగని చెప్పినాడు. లోపల ఏం చేస్తావో ఈయప్ప కూడా చూడాల" అంది.

సర్జను మొదటిసారి నవ్వాడు. ఆ విధంగా, ఏ అర్హతా లేని నేను పచ్చ గౌను తొడుక్కుని ఆపరేషన్ గదిలో గోడకు ఆనుకుని నిలబడ్డాను.

ఆమెకు మత్తిచ్చారు. ఈల ఆగిపోయింది. నోట్లోంచి ఒక పొడుగాటి ఇనప గొట్టం దింపారు. గొట్టం చివర చిన్న దీపం. అందులోంచి తీగ. సర్జను కాలి కింద ఒక పెడల్. "తగ్గించండి" అనేవాడు ఆయన. మత్తు డాక్టరు మీట తిప్పి, కొంచెం ఆగి, "తగ్గింది" అనేవాడు. పెడల్ నొక్కితే చుంయ్‌మని చిన్న చప్పుడు, గొట్టంలోంచి తెల్లటి పొగ. ఇంకో సన్న గొట్టం ఆ పొగను పీల్చేసేది. "ఇవ్వండి." మళ్ళీ ఊపిరి. మళ్ళీ "తగ్గించండి."

మూడోసారో నాలుగోసారో ఆ పొగ నా ముక్కుకు తగిలింది. ఆ వాసన నాకు తెలుసు. వాతలవ్వ అరుగు మీద, ఏడ్చే బిడ్డ పక్కన, ఎన్నోసార్లు పీల్చిన వాసన. ఎంత పెద్ద ఆసుపత్రి అయినా, ఎంత చదువుకున్న చెయ్యి అయినా, కాలిన మాంసం వాసన మాత్రం ఒకటే. నేను గోడ పట్టుకున్నాను. నర్సు ఒకామె నా వాలకం చూసి, రెక్క పట్టుకుని తలుపు బయట బెంచీ మీద కూర్చోబెట్టి వెళ్ళిపోయింది. అక్కడ కొడుకు కూర్చుని ఉన్నాడు.

"అయిపోయిందా సార్?"

"లేదు. నన్ను పంపించేశారు."

కొంచెంసేపటికి తలపైన తిరుగుతున్న ఫ్యాను నెమ్మదించి ఆగిపోయింది. దీపాలు ఆరిపోయాయి. ఆ ఏడు డ్యాముల్లో నీళ్ళు లేక రాష్ట్రమంతా కరెంటు కోతలు. మా చేలను ఎండగట్టిన కరువే బెంగళూరు దాకా మా వెంట వచ్చి ఆపరేషన్ గదిలో దూరింది. లోపల ఎవరో గట్టిగా ఏదో అన్నారు. ఒక అటెండరు తలుపు తోసుకుని వచ్చి జనరేటరు ఉన్న వైపు పరుగెత్తాడు.

"ఏమైనాది సార్?" అన్నాడు కొడుకు.

"ఏం కాదు. జనరేటరు వేస్తారు."

"తీగ లోపలుండంగానే పాయెనా?"

నాకు తెలియదని చెప్పాను. నిజం చెప్పాలంటే ఆ చీకట్లో నా బుర్రలో తిరిగింది ఆమె గురించిన దిగులు ఒక్కటే కాదు. ఈమె ఇక్కడ చనిపోతే నాగలమడికె చుట్టుపక్కల ఒక్క మనిషి కూడా ఇంక ఆసుపత్రి గడప తొక్కడు. వాతలవ్వను ఆరోగ్యశాఖ సారు బెంగళూరుకు తీసుకుపోయి కాల్చి చంపించాడంటారు. అందులో అబద్ధమంటూ ఏమీ ఉండదు కూడా.

కొడుకు మోకాళ్ళ మధ్య చేతులు పెట్టుకుని నేలకేసి చూస్తూ అన్నాడు. "చిన్నప్పుడు నాకు ఏడు వాతలు పెట్టినాది సార్ మాయమ్మ. పెట్టిన ప్రతిసారీ కొట్టంలోకి పోయి ఏడ్సి వచ్చేది. ఊర్లో వాళ్ళకు ఆ సంగతి తెలీదు."

జనరేటరు మొదలైన చప్పుడు వినిపించింది. దీపాలు మొదట ఎర్రగా వెలిగి, తర్వాత తెల్లబడ్డాయి.

సర్జను బయటికి వచ్చేసరికి ఆయన గౌను చెమటతో ఒంటికి అతుక్కుని ఉంది. సరిగ్గా రక్తం కారడం మొదలైన సమయంలోనే కరెంటు పోయిందట. ఆ రక్తాన్ని ఆపాల్సింది కరెంటు తీగే. గత్యంతరం లేక ఇనప గొట్టాన్నే కారుతున్న చోట అదిమిపెట్టి, కరెంటు వచ్చేదాకా కదలకుండా పట్టుకుని ఉన్నాడట. మత్తు డాక్టరు చేత్తో సంచి నొక్కుతూ ఊపిరి అందించాడట. ఆయన ఇదంతా బస్సు ఆలస్యమైందని చెప్పినట్టు చెప్పాడు.

"దారి తెరుచుకుంది. వేళ్ళు మాత్రం గోడలోనే ఉన్నాయి. కొన్నేళ్ళకు మళ్ళీ పెరగొచ్చు. పెరిగితే మళ్ళీ కాలుస్తాం" అన్నాడు.

సాయంత్రానికి ఆమెకు తెలివి వచ్చింది. ఈల లేదు. మేమిద్దరం మంచం పక్కన నిలబడి ఆ లేని ఈలను వింటున్నాం. ఆమె చెయ్యి గొంతు మీదికి పోయింది. బొంగురుగా, చాలా మెల్లగా అడిగింది.

"కాల్చేటప్పుడు నేను అరిచినానా?"

"లేదవ్వా."

"కదిలినానా?"

"లేదు. నీకు మత్తిచ్చారు కదా."

ఆమె కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను. నిద్రపోలేదు.

మరునాడు సర్జను గడ్డ ముక్కలున్న సీసా తెచ్చి చూపించాడు. ఆమె వెలుతురుకు ఎత్తిపట్టి చూసి, "ఈ ఏడు మా చేన్లో ఇంత లావు గింజ కాయలేదు నాయనా" అంది.

ఊరికి తిరిగి వచ్చాం. నేను ఎంత ఆశపడ్డానో మీకు చెప్పాలి. వాతలవ్వ ప్రాణాన్ని ఆసుపత్రి కాపాడింది. ఇక నా పటాల అవసరమే లేదు, ఆమె ఒక్కతే చాలనుకున్నాను. వారం తిరగకుండానే ఊళ్ళో అనుకుంటున్న మాట నా చెవిన పడింది. "బెంగళూరు డాక్టర్లు కూడా వాతే పెట్టినారంట. మన వాతలవ్వది బయట వాత, వాళ్ళది లోపలి వాత. అంతే తేడా." చుట్టుపక్కల ఊళ్ళలో వాతలు పెట్టే మిగతావాళ్ళకు ఒక్కసారిగా గిరాకీ పెరిగింది. నేను సభలో వాతల పటం విప్పితే జనం మర్యాదగా నవ్వేవాళ్ళు. ఒక పెద్దాయన లేచి, "ఏమప్పా, నువ్వే దగ్గరుండి పెట్టించినావంట కదా" అన్నాడు.

అయితే విచిత్రం, వాతలవ్వ మాత్రం ఎవరికీ వాత పెట్టడం లేదు. బిడ్డల్ని ఎత్తుకుని వచ్చిన వాళ్ళను వెనక్కి పంపేస్తోంది. గొంతు పచ్చిగా ఉందని కొందరన్నారు. బెంగళూరులో ఆమె చేతి మహిమ లాగేసుకున్నారని కొందరన్నారు. నేను అడిగితే, "చెయ్యి రావడం లేదు సారూ" అని లేచిపోయింది.

ఆ సమయంలోనే జిల్లా నుంచి ఒక పెద్ద అధికారి మా పని చూడటానికి వచ్చాడు. కోస్తా కర్ణాటక మనిషి. తెలుగు ముక్క రాదు. ఆ ఊళ్ళోనే సభ పెట్టాం. వాతలవ్వను మాట్లాడించమని ఆయనే అడిగాడు. వద్దనడానికి నాకు కారణం దొరకలేదు. ఆమె లేచి కొంగు నడుముకు దోపుకుని, ఊరివాళ్ళ వైపు తిరిగి తెలుగులో మొదలుపెట్టింది.

"వాత మంచిదే. నన్ను బతికించింది వాతే."

జనంలో కదలిక. అధికారి నా వైపు వంగి, "ఏమంటోంది?" అన్నాడు.

"వాతలు మంచివి కావంటోంది సార్" అన్నాను కన్నడంలో.

అవ్వ మాట ఆపి నన్ను చూసింది. కన్నడం ఆమెకు నాకంటే బాగా వచ్చని అప్పటికైనా నాకు గుర్తుండాల్సింది. అధికారి వైపు తిరిగి ఆయన భాషలోనే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది.

"నేను చెప్పింది అది కాదు. వాత మంచిదే అని చెప్పినా. అయితే నన్ను కాల్చినోళ్ళు ముందు నన్ను నిద్రపుచ్చినారు. నేను అరవలేదు, కదల్లేదు. అట్ల కూడా కాల్చొచ్చని నాకు అంతవరకూ తెలీదు. ఇన్నేండ్లూ నేను బిడ్డల్ని నలుగురి చేత గట్టిగా పట్టించి కాల్చినా. ఏడిస్తేనే జబ్బు దిగుతాదని మా అత్త నేర్పించింది. ఏడ్చకపోయినా దిగుతాదని ఇప్పుడు తెలిసినాది. నిద్రపుచ్చేది నాకు రాదు. తెలిసినాక, ఏడ్చే బిడ్డ మీదికి నాకు చెయ్యి పోవడం లేదు. అందుకే మానేసినా. ఈ సారు పటాలు చూసి కాదు."

అదే మాట తెలుగులో ఊరివాళ్ళకూ చెప్పింది. ఎవరూ నవ్వలేదు. వెనక వరసలో ఒక తల్లి బిడ్డ చొక్కా కిందికి లాగి పొట్ట మీది మచ్చ కప్పింది. అధికారి లేచి తన కుర్చీ ఆమెకు ఇచ్చాడు. ఆమె కూర్చోలేదు, కుర్చీ మీద చెయ్యి ఆనించి నిలబడింది.

ఆ మాట ఊరూరూ పాకింది. నేను ఏళ్ళ తరబడి చెప్పినా కదలని ఇళ్ళలో ఆమె ఒక్కసారి చెప్పిన మాట కదిలింది. వాతలు పెట్టించుకోవడానికి వచ్చే తల్లుల్లో చాలామంది ఆగిపోయారు. ఏడాది తిరిగాక జిల్లా కేంద్రంలో సభ పెట్టి శాలువా కప్పారు. నాకు. ఎందుకంటే ఆమె మా శాఖ ఉద్యోగి కాదు. అదీ నా పేరు వెనక ఉన్న కథ.

గడ్డ మళ్ళీ పెరిగింది, సర్జను చెప్పినట్టే. ఆమె రెండుసార్లు వెళ్ళి కాల్పించుకుని వచ్చింది. ఒకసారి ఆ లేజరుతోనే. తిరిగి వచ్చాక, "వెలుగు కూడా పర్వాలేదప్పా" అని ఒప్పుకుంది. చాలా ఏళ్ళు బతికి, చివరికి గొంతుకు ఏ సంబంధమూ లేని జబ్బుతో పోయింది. ఆ చివరి రోజుల కంటే నాకు బాగా గుర్తున్నది ఇంకొకటి ఉంది, అది మీకు చెప్పి ముగిస్తాను.

శాలువా కప్పించుకున్న కొన్ని నెలల తర్వాత తాలూకా ఆసుపత్రి లేడీ డాక్టరు నన్ను పిలిపించింది. ముఖం ఎర్రగా ఉంది.

"మీ వాతలవ్వ ఇప్పుడు వారానికి రెండు రోజులు ఇక్కడే ఉంటోంది. ఆ ఊళ్ళ బిడ్డలందర్నీ తనే తోలుకొస్తోంది. వచ్చినావిడ ఊరికే ఉండదు. నా పక్కన నిలబడుతుంది. సూది తీస్తే 'మత్తిచ్చినావా?' అంటుంది. పుండు కడిగితే 'నొప్పి తెలీకుండా చేసేది నీకు రాదా? బెంగళూరాయన దగ్గర నేర్చుకోరాదా?' అంటుంది. బయట వరసలో ఉన్నవాళ్ళందరూ వింటారు. వాళ్ళూ అడగడం మొదలుపెట్టారు. నేను ఎట్లా పనిచేయాలి? మీరే తెచ్చిపెట్టారు కదా ఈమెను. ఎట్లాగైనా ఆమెను మళ్ళీ వాతలు పెట్టుకోమని చెప్పండి."

ఉద్యోగంలో నాకు ఎన్నో ఆదేశాలు వచ్చాయి, ఇటువంటిది ఒక్కటే. పై అధికారి చెప్పిన మాట కాబట్టి సైకిలెక్కి ఆ ఊరికి వెళ్ళాను. అవ్వ అరుగు మీద కూర్చుని విత్తనం కోసం కాయలు ఒలుస్తోంది. ఆ ఏడు మొదటి వాన పడింది. డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు, ఒక్క మాట మార్చకుండా అప్పజెప్పాను. అప్పటికి నేను ఆ మేరకు నేర్చుకున్నాను.

ఆమె చేతిలోని కాయ చాటలో పడేసి నవ్వింది. మొదట చిన్నగా, తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తర్వాత కొంగు కూడా వదిలేసి. లోపలున్న కోడలు ఏమైందోనని బయటికి వచ్చి చూసింది. అంతసేపు నవ్విన మనిషి ఊపిరి కోసం మధ్యలో ఒక్కసారి కూడా ఆగలేదు. నవ్వడం పూర్తయ్యాక కళ్ళు తుడుచుకుని, చాట మళ్ళీ ఒళ్ళోకి లాక్కుంది.

"ఆయమ్మకు చెప్పప్పా" అంది. "శుక్రవారం నలుగురు బిడ్డల్ని తోడుకోని వస్తాండా, మత్తుమందు తెప్పించి పెట్టమని."